సూరత్ భోజనం, ఢిల్లీ ఉపదేశం

సూరత్ పేరు వినగానే రాజకీయ చరిత్ర చదివిన తెలుగు పాఠకునికి 1907 డిసెంబరు స్ఫురిస్తుంది. రాస్ బిహారీ ఘోష్ అధ్యక్షతన ఆ నగరంలో సమావేశమైన కాంగ్రెసు మహాసభ మితవాదులు, అతివాదులు అనే రెండు వర్గాలుగా చీలిపోయిన వైనం, వేదిక మీదికి పాదరక్ష ఎగిరి వచ్చిన ఉదంతం మన పాఠ్యపుస్తకాలకు ఎక్కినవే. గుజరాతీలకు మాత్రం ఆ నగరాన్ని గురించి వేరొక సామెత ఉన్నది. భోజనమంటూ చేస్తే సూరత్‌లో చేయాలి, కన్ను మూస్తే కాశీలో మూయాలి అంటారు వారు. నేతిలో మునిగి తేలిన ఘారీ, చలికాలపు ఉంధియూ, ఆవిరి మీద ఉడికి పైన నూనె, సేవ్ చల్లుకొని వచ్చే లోచో – తాపీ నది ఒడ్డున తిండి ఒక వేడుక. శరత్పూర్ణిమ మరునాడు చందీ పడవో పేరిట ఊరు ఊరంతా ఘారీ తినడమే అక్కడ పండుగ.

ఆ సామెతలో భోజనానికీ మరణానికీ మధ్య సూరత్ నుంచి కాశీకి ఉన్నంత దూరం ఉన్నది. ఈనాడు ఆ దూరం తగ్గిపోతున్నదని చెప్పే వైద్యశాస్త్రం ఒకటి గడచిన డెబ్బయి ఏళ్లలో పెరిగి పెద్దదయింది. ఈ వారం లేఖ ఆ శాస్త్రాన్ని గురించీ, దానిని విని కూడా విననట్టు వ్యవహరిస్తున్న మన రాజధానిని గురించీ.

2025 మార్చి 7వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గుజరాత్ పొరుగున ఉన్న సిల్వస్సాలో ఒక ఆసుపత్రిని ప్రారంభించి, ఆ సభలో ఊబకాయాన్ని గురించి ప్రత్యేకంగా మాట్లాడారు. 2050 నాటికి 44 కోట్లకు పైగా భారతీయులు స్థూలకాయులు కానున్నారన్న అంచనాను ప్రస్తావించి, వంటనూనె వాడకాన్ని పది శాతం తగ్గించుకోవలసిందిగా ప్రజలను కోరారు. అదే దినం సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో జరిగిన మరొక సభలో, జాతీయ ఆహార భద్రతా చట్టం కింద రెండు లక్షలకు పైగా లబ్ధిదారులకు ప్రయోజనాలు అందించే కార్యక్రమాన్ని ప్రారంభించారు.

ఈ రెండు ప్రసంగాల మీద రాజధాని విలేఖరులలో ఛలోక్తులకు లోటు లేకపోయింది. ఒక సభలో తిండి తగ్గించమన్నారు, మరొక సభలో తిండిగింజలు పంచారు. ఇందులో ఏది అసలైన భారతదేశం అని ఒక మిత్రుడు ప్రశ్నించాడు. ప్రశ్న చమత్కారంగా ఉన్నదిగాని సబబైనది కాదు. రెండు సభలలోనూ ప్రస్తావనకు వచ్చినది ఒకే దేశం. అనేక సందర్భాలలో ఒకే కుటుంబం. ఇంకా నిశితంగా చూస్తే ఒకే శరీరం. బాల్యంలో చాలీచాలని తిండితో పెరిగిన శరీరమే నడివయస్సులో కొవ్వు పేరుకున్నప్పుడు అధికంగా దెబ్బ తింటున్నది. ఆ దెబ్బ మోయవలసి వచ్చేది గుండె. ఈ సత్యాన్ని అంగీకరించిన ప్రభుత్వానికి నూనె తగ్గించండి అన్న ఉపదేశంతో బాధ్యత తీరిపోదు.

తెర మీద గుండె

కొట్టుకుంటున్న గుండెను శరీరం కోయకుండా చూడడం మానవునికి చాలాకాలం సాధ్యం కాలేదు. ఎక్స్‌రే కనిపెట్టిన తరువాత కూడా దాని నీడ మాత్రమే కనిపించేది. 1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి ఒక సాహసం చేశారు. ఓడల నిర్మాణశాలలో ఇనుప పలకల లోపలి పగుళ్లను కనిపెట్టడానికి వాడే తరహా ధ్వని పరికరాన్ని అరువు తెచ్చి మనిషి గుండె మీద పెట్టి చూశారు. చెవికి వినిపించని తరంగం గుండె గోడకు తగిలి, తిరిగి వచ్చి, తెర మీద కదిలే గీతగా పడింది. మన జిల్లా కేంద్రాలలో సైతం ఈనాడు ‘ఎకో’ అని వ్యవహరించే పరీక్ష పుట్టుక అదే. ఆ తరువాత అయస్కాంత క్షేత్రంతో చిత్రం తీసే ఎం.ఆర్.ఐ. వచ్చి గుండె కండరం బరువును, గదుల పరిమాణాన్ని మరింత కచ్చితంగా కొలిచే వీలు కల్పించింది.

ఈ చిత్రాలు స్థూలకాయుల గుండెను గురించి చెప్పిన సంగతి ఏమిటి? కొవ్వు అంటే కదలక మెదలక పడి ఉండే మూట అని మనం అనుకుంటాం. అది పొరపాటు. కొవ్వు కూడా రక్తం కోరే కణజాలమే. శరీరం పెరిగినకొద్దీ దానికి అందించవలసిన రక్తం పెరుగుతుంది. పది ఎకరాల కోసం బిగించిన మోటారుతో పదిహేను ఎకరాలు తడపబూనిన రైతు మోటారుకు ఏ గతి పడుతుందో, గుండెకూ అదే గతి పడుతుంది. ప్రతి స్పందనలోనూ ఎక్కువ రక్తం నిండి ఎడమ జఠరిక సాగుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి దాని గోడ మందమవుతుంది. ఊబకాయానికి తోబుట్టువులుగా వచ్చే రక్తపోటు, మధుమేహం ఆ మందాన్ని మరింత పెంచుతాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు తోడైతే గుండె కుడి భాగం మీద కూడా భారం పడుతుంది.

మందమైన గోడ బలమైన గోడ కాదు. గుండెకు ముడుచుకోవడం ఎంత ముఖ్యమో, సడలడం అంత ముఖ్యం. సడలితేనే రక్తం లోపలికి నిండుతుంది. మందమైన కండరం బిరుసెక్కి సులభంగా సడలదు. అప్పుడు రక్తం వెనుకకు ఒత్తి, ఎడమ కర్ణిక ఉబ్బుతుంది, ఊపిరితిత్తులలో భారం పెరుగుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఉబ్బిన కర్ణికలో లయ తప్పితే రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారి తీయవచ్చు. గుండెను అంటిపెట్టుకొని, అదే సంచిలో ఒదిగి ఉండే కొవ్వు పొర ఒకటి ఉన్నది. ఊబకాయంలో అది కూడా దళసరి అవుతుంది. కండరానికీ దానికీ రక్తనాళాలు ఉమ్మడివే కావడంతో, ఆ కొవ్వు విడుదల చేసే వాపు పదార్థాలు నేరుగా గుండెను చేరుతాయి. ఎకో, ఎం.ఆర్.ఐ. చిత్రాలలో ఈ పొర మందాన్ని సైతం ఇప్పుడు కొలుస్తున్నారు.

ఈ వ్యాధి మోసకారితనం మరొకటి ఉన్నది. ఎకో రిపోర్టు చేతికి రాగానే అందరూ వెదికేది ఒక శాతం కోసం: గుండె నిండినప్పుడు ఉన్న రక్తంలో ఎంత భాగాన్ని ఒక్క దెబ్బతో బయటికి పంపుతున్నదో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ కోసం. అది 55కు పైన ఉంటే గుండె దివ్యంగా ఉన్నదని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. స్థూలకాయుల గుండె జబ్బులో ఆ శాతం చాలాకాలం చెక్కుచెదరదు. సడలింపు చెడిన తరువాత కూడా అది 60 చూపవచ్చు. కండరంలోని చుక్కచుక్కను వెంబడించి, ఆ కండరం నిడివిలో ఎంత మేర కుదించుకుంటున్నదో లెక్కించే కొత్త ఎకో పద్ధతి వచ్చిన తరువాతనే, పైకి ఆరోగ్యంగా కనిపించే స్థూలకాయుల గుండెలలో సైతం లోపం మొదలై ఉంటున్నదని వైద్యులు చూడగలిగారు.

ఇది పరీక్షామందిరానికి పరిమితమైన సూక్ష్మం కాదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 1948 నుంచి తరతరాలుగా ప్రజల గుండెలను పరిశీలిస్తున్నారు. ఆ పరిశీలనలో భాగంగా 5,881 మందిని సగటున 14 ఏళ్లపాటు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువును లెక్కగట్టే బి.ఎం.ఐ. సూచిక ఒక్క అంకె పెరిగితే, గుండె వైఫల్యం చెందే ప్రమాదం పురుషులలో 5 శాతం, స్త్రీలలో 7 శాతం పెరిగింది. స్థూలకాయులలో ఆ ప్రమాదం ఇంచుమించు రెట్టింపు. అయితే నష్టం మొత్తం శాశ్వతం కాదన్నది కూడా ఈ చిత్రాలు చెప్పిన సంగతే. గణనీయంగా బరువు తగ్గినవారిలో గుండె కండరపు అదనపు బరువు తగ్గడం, సడలింపు మెరుగుపడడం తెర మీద కనిపించింది. ఆలస్యం కాకముందు మేల్కొంటే గుండె క్షమిస్తుందన్న మాట.

సన్నని ఒంటిలో దాగిన కొవ్వు

ఇదంతా అమెరికా వారి గొడవ, మన వారు సన్నగానే ఉంటారు గదా అనే పాఠకులు కొందరు ఉండవచ్చు. వారి కోసం 2004 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన ఒక ఛాయాచిత్రాన్ని గుర్తు చేయాలి. అందులో పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే: 22.3. కాని ఒంట్లోని కొవ్వు లండన్ వైద్యునికి 9.1 శాతం, మన పుణె వైద్యునికి 21.2 శాతం! తూకపు బల్ల ఒకే అంకె చూపిన రెండు శరీరాలు లోపల ఎంత వేరుగా ఉన్నాయో ఆ ఒక్క చిత్రం లోకానికి చాటింది. భారతీయుని కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయం చుట్టూ చేరే రకం. అందుకనే పాశ్చాత్యులు ఊబకాయానికి 30 హద్దుగా పెట్టుకొనగా, భారతీయ వైద్యులు 2009లో ఆ హద్దును 25కు దించారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమన్నారు.

ఇక సూరత్ వారి నేతి వంటకాలను చూసి నవ్వుకొనే ముందు మన ఇంటి లెక్క చూసుకోవడం మర్యాద. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బి.ఎం.ఐ. 25 లేదా అంతకు మించిన స్త్రీలు గుజరాత్‌లో 22.6 శాతం. తెలంగాణలో 30.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. పురుషులలో గుజరాత్ 19.9, ఆంధ్రప్రదేశ్ 31.1, తెలంగాణ 32.3. దేశపు సగటు స్త్రీలలో 24, పురుషులలో 22.9. అనగా తిండికి పేరు పడినది సూరత్. పొట్ట పెరిగినది మనది.

ఇది హైదరాబాదు, విజయవాడ మేడల కథ మాత్రమే అనుకోవడానికి కూడా వీలు లేదు. 2003–04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో సంభవించిన మరణాల కారణాలను ఇంటింటికీ వెళ్లి విచారించగా, వందకు 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. ఇరవై ఏళ్ల నాటి పల్లెల సంగతి ఇది.

లింబాయత్‌లో

సూరత్ మరమగ్గాల పేటలలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. చేనేత చితికిపోయిన కాలంలో నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు షోలాపూరు, భివండి, సూరత్‌ల బాట పట్టిన చరిత్ర మనకు తెలిసినదే. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాల సరసన తెలుగు మాధ్యమానికి కూడా చోటు దొరికిందంటే ఆ వలస పరిమాణం ఊహించవచ్చు.

లింబాయత్‌లో నేను కలిసిన ఒక నేత కార్మికునికి యాభై ఏళ్లు నిండలేదు. నల్లగొండ వైపు నుంచి పిల్లవానిగా తండ్రి వెంట వచ్చాడట. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నాయి. పొట్ట మాత్రం చొక్కా గుండీలను లాగుతున్నది. పన్నెండు గంటల పాళీ, ఒక పక్షం పగలు, ఒక పక్షం రాత్రి. మగ్గం మోతలో మాట వినిపించదు కనుక సైగలతోనే సంభాషణ. మీటరు లెక్కన కూలి గనుక భోజనానికి దొరికేది కొద్ది నిమిషాలు. నిద్ర మళ్లించుకొనడానికి చక్కెర కలిపిన చాయ్, ఆకలి మళ్లించుకొనడానికి వీధి చివర బండి మీద వేయించిన ఫర్సాణ్. అతడు నా చేతికి ఒక ఎకో రిపోర్టు ఇచ్చి అడిగిన ప్రశ్న ఇది: “గుండె మంచిగనే ఉన్నదని అన్నరు సారూ. అరవై శాతం అంట. మరి రెండు మెట్లెక్కితే దమ్మెందుకు వస్తున్నది?”

ఆ రిపోర్టులో అరవై శాతానికి కింద చిన్న అక్షరాలలో రెండు పంక్తులు ఉన్నాయి. ఎడమ జఠరిక గోడ మందమైనదనీ, సడలింపు మందగించిందనీ. వాటి అర్థం అతనికి ఎవరూ చెప్పలేదు. అదే నగరంలో ఒక హృద్రోగ నిపుణుని అడిగితే, తన వద్దకు ఆయాసంతో వచ్చే పొట్ట గలవారిలో ఇటువంటి రిపోర్టులు అపురూపం కావన్నారు. “మీరు తిండి తగ్గించండి, నడవండి అని చెబుతాను. వారు తల ఊపుతారు. ఎప్పుడు నడవాలి, ఎక్కడ నడవాలి అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు,” అన్నారు ఆయన. ఆ సమాధానం చెప్పవలసినవారు ఆయన కాదు.

ఇక్కడనే ప్రధానమంత్రి చేసిన రెండు ప్రసంగాలు ఒకచోట కలుస్తాయి. ఆ కార్మికుని పొట్టకు కారణం అతని తిండిపోతుతనమని అనడం సులభం. కాని శాస్త్రం మరికొంత వెనుకకు చూడమంటున్నది. హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాలలో 1987–90 మధ్య ఒక పరిశీలన ఆరంభమయింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ పౌష్టికాహారం అందింది. తక్కిన గ్రామాలకు ఆ పథకం ఇంకా చేరలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఎదిగారు. అంతకన్నా ముఖ్యమైనది, వారి ధమనుల బిరుసు తక్కువగా ఉన్నది. మధుమేహానికి దారి తీసే లక్షణం కూడా తక్కువగా ఉన్నది. తల్లి కడుపున పడినప్పుడు దొరికిన గుప్పెడు పౌష్టికాహారం పదిహేనేళ్ల తరువాత రక్తనాళంలో కనిపించిందన్న మాట!

కనుక ఆకలి, ఊబకాయం పరస్పర విరుద్ధమైన సమస్యలు కావు. మొదటిది రెండవదానికి పునాది వేస్తున్నది. లింబాయత్ సభలో పంచినది కేవలం దానం కాదు, గుండె జబ్బు నివారణలో అది మొదటి మెట్టు కాగలదు. అయితే ఆ సంచిలో ఏమున్నదన్నది ప్రశ్న. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు ఉచితంగా అందే 5 కిలోలు ముఖ్యంగా బియ్యం, గోధుమలే. కడుపు నిండడానికి అవి చాలవచ్చు, కండ పట్టడానికి చాలవు. పేదవానికి బజారులో చౌకగా దొరికే శక్తి పిండి పదార్థం, చక్కెర, పామోలిన్ నూనె. పప్పు, కూరగాయ, పండు అతనికి ప్రియం. 2013 చట్టంలో చిరుధాన్యాలకు చోటు ఉన్నది. పప్పుకు చోటు కల్పించడం పార్లమెంటు చేతిలో పని.

ఉపదేశం ఒకవైపు, పన్నులు మరొకవైపు

రాజధానిలో ఊబకాయం ఇప్పుడు గౌరవనీయమైన అంశం. 2025 ఫిబ్రవరి ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి దీనిని ప్రస్తావించి పది మంది ప్రముఖులను ప్రచారానికి నామినేట్ చేశారు. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి మళ్లీ హెచ్చరించారు. కార్యాలయాలలో నూనె, చక్కెర పరిమాణాలను తెలిపే బోర్డులు పెట్టవలసిందిగా ఆరోగ్య శాఖ ఆ ఏడాది జూన్‌లో సలహా ఇచ్చింది. సమోసాకూ జిలేబీకీ హెచ్చరికలా అని గగ్గోలు పుట్టేసరికి, అవి వీధి వర్తకులను ఉద్దేశించినవి కావని జూలైలో వివరణ ఇచ్చుకొనవలసి వచ్చింది. పార్లమెంటు కాంటీనులో రాగి ఇడ్లీ, జొన్న ఉప్మా దర్శనమిచ్చాయి. సభ్యుల గుండెలు పదిలంగా ఉండాలని మనమూ కోరుకుందాం.

కాని మాటను కాక ఉత్తర్వును చూడడం మా వృత్తిధర్మం. 2025 మే నెలాఖరున ముడి పామ్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ధరల మంటకు విరుగుడుగా దీనిని సమర్థించవచ్చు. సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. మార్పులలో పొట్లాలలోని నమ్‌కీన్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి, బిస్కట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద 18 నుంచి 5 శాతానికి దిగింది. మధ్యతరగతికి ఊరట అని దీనినీ సమర్థించవచ్చు. చక్కెర పానీయాలను 40 శాతం శ్రేణిలో ఉంచడం మెచ్చుకోదగినదే. దేనికదిగా ప్రతి నిర్ణయానికీ ఒక సమర్థన ఉన్నది. అన్నిటినీ వరుసగా పేర్చి చూస్తే మాత్రం నూనె తగ్గించమన్న నోరూ, నూనె చౌక చేసిన చేయీ ఒకే ప్రభుత్వానివని తెలుస్తుంది.

పొట్లాల మీద ముద్రించే హెచ్చరిక కథ ఇంకా విచిత్రమైనది. ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరిన పొట్లం మీద నల్లని అష్టభుజి గుర్తు వేయాలని చిలీ దేశం 2016లోనే శాసించింది. మన ఆహార ప్రమాణాల సంస్థ 2022లో హెచ్చరికకు బదులు నక్షత్రాల రేటింగును ముసాయిదాగా ప్రతిపాదించింది. చెడ్డ సరుకుకు కూడా ఏదో ఒక నక్షత్రం దక్కే పద్ధతి అది. పరీక్ష తప్పినవానికి ప్రశంసాపత్రం ఇచ్చినట్టు. 2025 జనవరిలో ప్రభుత్వం స్వయంగా సభకు సమర్పించిన ఆర్థిక సర్వే, అతిగా శుద్ధి చేసిన ఆహారం మీద అధిక పన్నును, పొట్లం ముందు వైపు హెచ్చరికను సమర్థించింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టి ఈ విషయం తేల్చమన్నది. గడువు పొడిగింపు కోరడం తప్ప ఆ మూడు నెలలలో తేలినది లేదు. ఆహార వ్యాపారుల విన్నపాలు ఢిల్లీలో ఎంత త్వరగా చెవికెక్కుతాయో మాకు తెలుసు. మగ్గం మోతలో ఆయాసపడేవాని విన్నపం మోసుకు వచ్చేవారు లేరు.

బరువు తగ్గించే కొత్త సూది మందులను గురించి ఉన్నత వర్గాలలో ఉత్సాహం కనిపిస్తున్నది. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్, స్థూలకాయంతో సడలింపు చెడిన గుండె రోగులలో ఆయాసాన్ని తగ్గించి జీవన నాణ్యతను మెరుగుపరచినట్టు 2023లో 529 మంది మీద జరిగిన పరీక్షలో రుజువయింది. ఇది శుభవార్తే. అయినా దేశమంతటికీ సూది వేసి ఊబకాయాన్ని పారదోలడం సాధ్యమయ్యే పని కాదు.

1994 నేర్పిన పాఠం

మరి ప్రభుత్వం చేయగలది ఏమిటి? సమాధానం కోసం విదేశాలకు పోనక్కరలేదు. సూరత్‌లోనే ఉన్నది. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు కలకలం రేగింది. పదుల సంఖ్యలో మరణించారు, లక్షలాది జనం రైళ్లెక్కి పారిపోయారు. మురికికి మారుపేరుగా నిలిచిన ఆ నగరానికి 1995లో సూర్యదేవర రామచంద్రరావు కమిషనరుగా వచ్చారు. శుభ్రంగా ఉండండి అని పౌరులకు సుద్దులు చెప్పి ఆయన ఊరుకోలేదు. అధికారులను గదులలో నుంచి వీధులలోకి పంపారు, చెత్త ఎత్తే పనిని రోజువారీ లెక్కకు తెచ్చారు, పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలను కూడా విడువలేదు. రెండేళ్లు తిరక్కముందే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల సరసన చేరింది. అలవాట్లు మార్చినది ఉపన్యాసం కాదు, పరిపాలన.

గుండె విషయంలోనూ ఆ బాటే శరణ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పేదవానికి పెద్దాసుపత్రి తలుపు తెరిచాయి. అందుకు వాటిని అభినందించాలి. కాని రోగి ఆ తలుపు చేరేది గుండె చెడిన తరువాత. చెడకముందు గుర్తించేందుకు 2010 నుంచి ఒక జాతీయ కార్యక్రమం ఉన్నది. ముప్ఫై ఏళ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు అందులో భాగం. ఆశా కార్యకర్త ఇంటింటా నింపే పత్రంలో నడుము కొలతకు సైతం ఒక గడి ఉన్నది. ఆ గడిలో అంకె పడిన తరువాత ఏం జరుగుతున్నదన్నదే ప్రశ్న. నడుము హద్దు దాటి, రక్తపోటు పెరిగి, ఆయాసం కూడా ఉన్నవారికి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా ఎకో తీసి, దాని అర్థాన్ని వారి భాషలో చెప్పే ఏర్పాటు అసాధ్యమైనది కాదు. ఎకో యంత్రం తరలించగలిగిన యంత్రం. దానికి సొరంగం వంటి ఎం.ఆర్.ఐ. గది అక్కరలేదు. కొరత శిక్షణ పొందిన చేతులది.

దీనితోపాటు రేషన్ సంచిలో పప్పు చేరాలి. అంగన్‌వాడీ తిండిలో కోత పడకూడదు. పొట్లం మీద నక్షత్రం కాక హెచ్చరిక ఉండాలి. పన్నెండు గంటల పాళీని కార్మిక శాఖ కళ్లెత్తి చూడాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే, పోషకాహారం మీద దేశానికే దారి చూపే జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి హైదరాబాదులోనే ఉన్నది. దాని గుమ్మం ముందున్న రాష్ట్రాలలోనే స్థూలకాయుల సంఖ్య దేశపు సగటును మించిపోవడం మన ముఖ్యమంత్రులకు ఆలోచించవలసిన విషయం.

మన పార్లమెంటు సభ్యులు తదుపరి సమావేశాలలో ఆరోగ్య మంత్రిని ఒక్క ప్రశ్న అడిగితే చాలు: గడచిన ఏడాది ఎందరి నడుము కొలిచారు, వారిలో ఎందరికి ఎకో తీశారు, ఎందరికి దాని అర్థం చెప్పారు? ఉపదేశానికి సమాధానంగా చప్పట్లు వస్తాయి. ఈ ప్రశ్నకు సమాధానంగా అంకెలు రావాలి. ఆ అంకెలు సభ ముందుకు వచ్చేవరకూ, నూనె తగ్గించమన్న పిలుపును పేదవాని మీద మోపిన మరొక బాధ్యతగానే భావించవలసి ఉంటుంది.